తాలు, మంచికాయ, పక్కన పెట్టిన కాయ

2023 జూలై 27, గురువారం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన పడిందని ఆ తర్వాత తెలిసింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు ఊరంతా వాగు నీళ్లలో చిక్కుకుంది. జనం ఇళ్ల పైకెక్కి కూర్చుంటే హెలికాప్టర్లు వచ్చి దించాల్సి వచ్చింది. ఇక్కడ హనుమకొండలో నేను షాపు షట్టర్ దించి, ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మా అక్క వాళ్లది హంటర్ రోడ్డు పక్క కాలనీ.

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో 31 మందిమి ఉంటాం. ఆ పొద్దున అందులోకి ఎక్కడెక్కడి వీడియోలు వచ్చి పడ్డాయి. ఏదో డ్యామ్ తెగే వీడియో మూడేళ్ల కిందట చూసిందే. వాటి మధ్యలో ఒక మెసేజ్: "భద్రకాళి చెరువు కట్ట తెగింది, అందరూ పైకి వెళ్లండి." దాన్ని నలుగురు నాలుగు వైపుల నుంచి పంపారు. అక్క వాళ్ల అత్తమ్మకు మోకాళ్ల నొప్పి, మెట్లెక్కలేదు. ఆ వానలో ఆమెను కుర్చీతో సహా మోసి పై గదికి చేర్చారు. కట్ట ఆ రోజు తెగలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. అక్క స్వయంగా టైప్ చేసిన మాట, "మా ఇంట్లకు నీళ్లు ఒచ్చినయ్, కరెంటు పోయింది," ఆ వీడియోల కింద ఎక్కడో ఉండిపోయింది. నేను చూసేసరికి 40 నిమిషాలు దాటింది. ఫోన్ నా చేతిలోనే ఉంది. చూస్తూనే ఉన్నాను. అయినా కనబడలేదు.

ఇక శనివారం, జూలై 29న, పోతన నగర్ వైపు భద్రకాళి కట్టకు నిజంగానే గండి పడింది. గురువారం అబద్ధమైన వాక్యం శనివారం నిజమైంది. ఈ సంగతి తర్వాత నాకు ఎంత పెద్ద పాఠమైందో కింద చెప్తాను.

నేను పన్నెండేళ్లుగా డీటీపీ చేస్తున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రికార్డులు. పేజ్‌మేకర్, అను ఫాంట్లు. డిగ్రీలో కంప్యూటర్స్ చదివాను కానీ ప్రోగ్రామింగ్ జోలికి మళ్లీ పోలేదు. ఆ ఆగస్టులో పైథాన్ మొదలుపెట్టాను. రాత్రి తొమ్మిదికి షాపు మూశాక గంటన్నర. ఇంజనీరింగ్ చదివే మా అక్క కొడుకు ఆదివారాలు వచ్చి కూర్చునేవాడు. నేను కోరుకున్నది చిన్నదే. మెసేజ్‌లు వస్తున్నప్పుడే, అప్పటికప్పుడు, మన కాలనీలకు పనికొచ్చేవి ఏరి నా ముందు పెట్టాలి.

మొదట వచ్చిన చిక్కు, ఏరడానికి సరుకు ఎక్కడిది అని. వాట్సాప్‌లో మన గ్రూపులను ప్రోగ్రామ్‌తో చదివే అధికారిక దారి లేదు. ట్విట్టర్ ఒకప్పుడు ఉచితంగా ఇచ్చిన స్ట్రీమ్‌ను, అంటే పోస్టులు పడుతుండగానే అందించే ధారను, 2023లోనే డబ్బు కట్టేవాళ్లకు మార్చారు. ఆ స్ట్రీమ్ ఉన్న ప్లాన్ ధర అప్పట్లో నెలకు 5,000 డాలర్లు. యూట్యూబ్ రోజుకు 10,000 యూనిట్లు ఉచితంగా ఇచ్చేది కానీ ఒక్క సెర్చ్‌కు 100 యూనిట్లు పోయేవి. అంటే రోజుకు వంద సార్లు వెతికితే అయిపోయింది. వరద రోజున పావుగంటకోసారి వెతికితే ఏం లాభం?

కొన్నాళ్లకు మా అక్క కొడుకే ట్విట్టర్ లాంటి బ్లూస్కై సంగతి చెప్పాడు. అక్కడ ప్రపంచమంతా రాసే పోస్టుల ధారను ఎవరికైనా తెరిచి పెట్టారు. 2024లో జెట్‌స్ట్రీమ్ అని తేలికైన రూపం కూడా ఇచ్చారు. లాగిన్ అక్కర్లేదు. వెబ్‌సాకెట్ తెరిస్తే పోస్టులు ప్రోగ్రామ్ సులువుగా చదివే జేసన్ రూపంలో వస్తూనే ఉంటాయి. వెబ్‌సాకెట్ అంటే ఏమిటో నాకు బస్టాండుతో అర్థమైంది. బస్సు వచ్చిందా అని పది నిమిషాలకోసారి ఎంక్వైరీకి ఫోన్ చేసి పెట్టేయడం ఒక పద్ధతి. ఒకసారి ఫోన్ కలిపి, పెట్టేయకుండా ఉంచి, బస్సు రాగానే అవతలి మనిషే చెప్పడం ఇంకో పద్ధతి. రెండోది వెబ్‌సాకెట్.

మొదటిసారి ఆ ధార తెరిచిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్క్రీన్ మీద వరసలు చదవలేనంత వేగంగా పైకి పోతున్నాయి. జపనీస్, పోర్చుగీస్, ఇంగ్లిష్. ఎక్కడో ఎవరో ఇప్పుడే, ఈ క్షణాన రాస్తున్నది హనుమకొండలో నా షాపులో పాత కంప్యూటర్ మీద పడుతోంది.

పావుగంటకు కనెక్షన్ తెగింది. మళ్లీ కలిపాను, మళ్లీ తెగింది. కారణం పట్టుకోవడానికి మూడు రాత్రులు పట్టింది. నేను ఒకే లూప్‌లో మెసేజ్ తీసుకోవడం, వడపోయడం, టెలిగ్రామ్‌కు పంపడం మూడూ చేయిస్తున్నాను. పంపడానికి అరసెకను పడితే ఆ అరసెకనులో వచ్చేవన్నీ వెనక పోగవుతున్నాయి. పరీక్షల సీజన్‌లో మా షాపులో ఇదే జరుగుతుంది. కౌంటర్ దగ్గర కాగితాలు తీసుకునే మనిషే లోపలికి పోయి జిరాక్స్ తీస్తుంటే క్యూ రోడ్డు మీదికి పోతుంది. ఒకరు తీసుకుని ట్రేలో పెట్టాలి, ఇంకొకరు ట్రేలోంచి తీసి పని చేయాలి. పైథాన్‌లో ఆ ట్రే పేరు క్యూ. తీసుకునే పని, చేసే పని విడదీశాక తెగడం ఆగింది. ఎప్పుడైనా తెగినా, ఏ క్షణం దాకా చూశామో జెట్‌స్ట్రీమ్‌కు చెప్తే అక్కడి నుంచి మళ్లీ ఇస్తుంది. నేను చివరిగా చూసిన సమయానికి ఐదు సెకన్లు వెనక నుంచి అడుగుతాను. రెండోసారి వచ్చినా నష్టం లేదు, ఒకటి పోకూడదు.

తర్వాత తెలుగును వేరు చేయాలి. పోస్టుకు భాష పేరు జతగా వస్తుంది కానీ దాన్ని నమ్మలేకపోయాను. ఫోన్ సెట్టింగు ఇంగ్లిష్‌లో ఉంచుకుని తెలుగులో రాసేవాళ్లు చాలామంది. అందుకని అక్షరాలనే చూశాను. ప్రపంచ భాషల అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 128 గదులు కేటాయించారు, 3072 నుంచి 3199 దాకా. పోస్టులో ఆ గదుల్లోని అక్షరాలు సగం దాటితే అది తెలుగు. అను ఫాంట్లతో పని చేసినవాళ్లకు ఇది ఎంత హాయో తెలుసు. అక్కడ తెలుగు అక్షరం నిజానికి ఇంగ్లిష్ అక్షరం గదిలో దాక్కుని ఉంటుంది. ఫాంటు తీసేస్తే పిచ్చి గీతలే. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికి, ప్రతి గుణింతపు గుర్తుకు సొంత ఇల్లు ఉంది.

ఆ గుణింతపు గుర్తే నన్ను నెల రోజులు ఏడిపించింది. ఇది కొంచెం వివరంగా రాస్తాను. తెలుగులో ఇలాంటి పని మొదలుపెట్టే ప్రతివాళ్లకూ ఇది ఎదురవుతుంది, నాకు ఎక్కడా తెలుగులో రాసి కనబడలేదు.

పైథాన్‌లో మాటలు వెతకడానికి రెజెక్స్ అని ఉంటుంది. అందులో "మాట హద్దు" అని ఒక గుర్తు ఉంది. "కట్ట" అనే మాట విడిగా ఉంటేనే పట్టుకో అని చెప్పాను. అది "కరెంటు బిల్లు కట్టాలి"ని పట్టుకొచ్చింది. "ఇల్లు కట్టించారు"ని పట్టుకొచ్చింది. సరే అని "గండి" విడిగా ఉంటే పట్టుకో అన్నాను. "కట్టకు గండి పడింది" అన్న వాక్యాన్ని వదిలేసి, ఎవరో స్పేస్ ఇవ్వకుండా రాసిన "గండిపడింది"ని పట్టుకొచ్చింది. సరిగ్గా తలకిందులు.

అసలు సంగతి ఏమిటంటే, పైథాన్‌తో పాటు వచ్చే రెజెక్స్‌కు మన క, ట, డ అక్షరాలే. కానీ దీర్ఘం, గుడి, కొమ్ము అక్షరాలు కావు, కామా ఫుల్‌స్టాప్‌ల లాంటివి. "కట్టాలి"లో దీర్ఘం రాగానే మాట అయిపోయిందనుకుంటుంది. "గండి"లో గుడి దగ్గరే మాట అయిపోయిందనుకుంటుంది, ఆ గుడి తర్వాత స్పేస్ వస్తే అక్కడ దానికి హద్దు కనబడదు. తెలుగు మాటల్లో ఎన్ని గుడితోనో కొమ్ముతోనో ముగుస్తాయో చూడండి. చెరువు, వాగు, నీళ్లు, మోరి, గండి. నా జాబితాలో బురద లాంటివే బతికాయి. పొల్లులు, గుణింతాలు కూడా మాటలో భాగమేనని తెలిసిన ఇంకో లైబ్రరీ ఉంది, దాని పేరు కూడా రెజెక్సే, విడిగా దించుకోవాలి. దానికి మారాను.

అది మారాక కూడా "విడిగా ఉన్న మాట" అన్న ఆలోచనే మన భాషకు కుదరదని తెలిసింది. చెరువు అని ఒక్కటే ఎవరు రాస్తారు? చెరువుకు, చెరువులోంచి, చెరువుకట్ట, చెర్లకు. అందుకని ముందు హద్దు మాత్రం ఉంచి వెనక హద్దు తీసేశాను. "కట్ట"కు మాత్రం వెనక గుణింతపు గుర్తు రాకూడదని రాసుకున్నాను. "కట్టకు", "కట్టమీద" దొరుకుతాయి, "కట్టాలి" దొరకదు.

ఇంకో చిన్న దెయ్యం ఉంది. వరంగల్‌లో అని రాసినప్పుడు ల్ పొల్లుగా నిలబడాలంటే దాని పక్కన కంటికి కనబడని అక్షరం ఒకటి పడుతుంది, 8204వ గదిది. అది లేకపోతే వరంగల్లో అని వత్తు పడుతుంది. కొన్ని కీబోర్డులు వేస్తాయి, కొన్ని వేయవు. చదివేవాళ్లకు రెండూ ఒకటే ఊరు, కంప్యూటర్‌కు రెండు ఊర్లు. డీటీపీలో పొల్లు నిలబెట్టడానికి నేను పడ్డ పాట్లు గుర్తొచ్చి దీన్ని వెంటనే పట్టుకున్నాను. వచ్చిన ప్రతి మెసేజ్‌లోంచి ముందు ఆ కనబడని అక్షరం తీసేస్తాను, తర్వాతే వెతుకుతాను. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ల కోసం ఇంకో జాబితా. నీళ్లు అని రాయడానికి ఒకరు రెండు ఈలు వేస్తారు, ఒకరు ఐ వేస్తారు. ఎల్ ఒకరికి ఒకటి, ఇంకొకరికి రెండు. రెండు ఈలను ఐగా, మిగతా జంట అక్షరాలను ఒకటిగా చేసి పోల్చితే చాలామటుకు కలుస్తాయి.

మాటల జాబితా మొదట నేను పేపర్ భాషలో రాసుకున్నాను. అలుగు, వరద, జలమయం, రాకపోకలు. అమ్మకు చదివి వినిపించాను. అమ్మది నర్సంపేట దగ్గర ఊరు. "జలమయం అని ఎవలన్న ఫోన్ల రాస్తరా బిడ్డా? మత్తడి దుంకుతాంది అంటరు. ఒర్రె ఒచ్చింది అంటరు. తొవ్వ బందైంది అంటరు." మత్తడి అంటే అలుగు, ఒర్రె అంటే చిన్న వాగు, తొవ్వ అంటే దారి. ఆ మూడు మాటలూ నా జాబితాలో లేవు. ఇక్కడ పుట్టి పెరిగి కూడా కీబోర్డు ముందు కూర్చోగానే నాకు మత్తడి గుర్తు రాలేదు. ఆ సాయంత్రం అమ్మ చెప్తుంటే 60 దాకా మాటలు రాసుకున్నాను. ఇప్పటికీ నా ప్రోగ్రామ్‌లో అన్నిటికంటే విలువైన ఫైలు అదే అని నమ్ముతాను.

మాటలు పెరిగితే చెత్త కూడా పెరుగుతుంది. వరద అని వెతికితే "విమర్శల వరద", "లైకుల వరద". వాన అంటే సినిమా పాట. వర్షం అంటే "సిక్సర్ల వర్షం". అందుకని ఒక్క మాటతో ఏదీ లోపలికి రాకూడదని పెట్టాను. ఊరి పేరో కాలనీ పేరో ఒకటి ఉండాలి, జరిగిన పని ఒకటి ఉండాలి. నయీంనగర్, బంద్. వాగు, పొంగింది. రెండూ ఉంటే మంచికాయ, అంటే పంపాల్సినది.

మరి "మా ఇంట్లకు నీళ్లు ఒచ్చినయ్" అన్న అక్క మెసేజ్? అందులో ఊరి పేరు లేదు. నేను కట్టిన జల్లెడలోంచి, దేనికోసం జల్లెడ కట్టానో అదే జారిపోయింది.

దీనికి దారి కూడా అమ్మ దగ్గరే దొరికింది. మా చిన్నప్పుడు కల్లంలో మిర్చి ఎండాక తాలు ఏరడానికి కూర్చునేవాళ్లం. తెల్లబారిన కాయ, రంగు పోయిన కాయ తాలు. ఎనుమాముల మార్కెట్లో తాలుకు రేటు వేరు, మంచికాయకు వేరు. మంచికాయలో తాలు కలిస్తే బస్తా మొత్తం రేటు పడుతుంది. తాలులో మంచికాయ పోతే మన కష్టం పోతుంది. ఏది ఏదో తెలియని కాయను చేతిలో పట్టుకుని నేను ఆలోచిస్తుంటే అమ్మ అనేది: "అనుమానమున్నదాన్ని తాలుల ఎయ్యకు. పక్కకు పెట్టు. ఆఖరుకు నేను చూస్త."

అప్పటిదాకా నా ప్రోగ్రామ్‌కు రెండే కుప్పలు: పంపు, వదిలేయ్. మూడో కుప్ప పెట్టాను. ఊరి పేరు లేకపోయినా మనిషి స్వయంగా టైప్ చేసి, అందులో "మా ఇల్లు", "మా గల్లీ", "మా తొవ్వ" అని ఉంటే పక్కకు. ఎక్కడి నుంచో ఫార్వర్డ్ అయి వచ్చినదైతే, ఎంత భయపెట్టినా, అది కూడా పక్కకు. వరద రోజున పనికిరానిది పది వచ్చినా చదివి పక్కన పెడతాం. పనికొచ్చేది ఒకటి పోతే దాన్ని తెచ్చేవాళ్లు ఎవరు? నేను వడపోత గురించి నేర్చుకున్నదంతా ఈ కుప్ప చుట్టూనే ఉంది.

ఇక ఆ శనివారం సంగతి. పరీక్షించడానికి నాకు నిజమైన వరద మెసేజ్‌లు కావాలి. వాట్సాప్‌లో చాట్ ఎక్స్‌పోర్ట్ చేస్తే సమయాలతో సహా టెక్స్ట్ ఫైలు వస్తుంది. గ్రూపులో అందరినీ అడిగి, పేర్లు తీసేసి, 2023 జూలై 26 నుంచి 30 దాకా ఉన్న చాట్‌ను నా కంప్యూటర్‌లోనే మళ్లీ నడిపించాను. ఒకే మెసేజ్ పదిసార్లు వస్తే ఒకసారే చూపించాలని అప్పటికే రాసుకున్నాను. ఒకసారి చూసిన వాక్యాన్ని గుర్తు పెట్టుకుని, మళ్లీ వస్తే వదిలేయాలి. గురువారం బాగానే పోయింది. "భద్రకాళి చెరువు కట్ట తెగింది" ఒక్కసారే వచ్చింది. శుక్రవారం కూడా చిక్కేమీ కనబడలేదు. శనివారం ఆ మాట రాలేదు. నిజంగా గండి పడిన రోజున, అవే అక్షరాలతో ఉన్న మెసేజ్‌ను నా ప్రోగ్రామ్ "ఇది పాతదే" అని పారేసింది.

నేను చాలాసేపు స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోయాను. ఇది నిజంగా జరిగి, అక్క వాళ్లు దీని మీదే ఆధారపడి ఉంటే? ఆ రాత్రే రెడిస్ అనే డేటాబేస్ పెట్టాను. అందులో ఒక గుర్తు రాసి దానికి గడువు ఇవ్వొచ్చు. గడువు తీరితే అదే చెరిగిపోతుంది. రెండు గంటలు పెట్టాను. రెండు గంటల తర్వాత అదే వాక్యం వస్తే కొత్త వాక్యమే. పక్కన ఎన్నిసార్లు వచ్చింది, మొదట ఎప్పుడు వచ్చింది అని కూడా చూపిస్తాను. యంత్రం నిజం అబద్ధం తేల్చదు. తేల్చే మనిషికి సమయం చెప్తుంది.

బ్లూస్కైలో మా ప్రాంతపు తెలుగు పోస్టులు చాలా తక్కువ వచ్చాయి. నేర్చుకోవడానికి ఆ ధార ఎంతో పనికొచ్చింది, మా కాలనీకి కాదు. చివరికి టెలిగ్రామ్‌లో ఒక గ్రూపు పెట్టి, మా వాళ్లు, అక్క కాలనీ వాళ్లు, షాపుకు వచ్చే కొందరు తెలిసినవాళ్లను చేర్చి అందులో బాట్ పెట్టాను, అంటే గ్రూపులో మనిషిలా ఉండి మెసేజ్‌లు చదివి పంపే ప్రోగ్రామ్. గ్రూపులో బాట్ మామూలుగా అన్ని మెసేజ్‌లూ చదవలేదు, ప్రైవసీ మోడ్ తీసేస్తే చదువుతుంది. తీసే ముందు గ్రూపులో రాశాను, ఇది అన్నీ చదువుతుంది, ఎవరి పేరూ దాచుకోదు, ఇష్టం లేనివాళ్లు బయటికి వెళ్లొచ్చు అని. ఇద్దరు వెళ్లారు. అది వాళ్ల హక్కు. ఇంకో జాగ్రత్త: బాట్ ఒక గ్రూపుకు నిమిషానికి 20 మెసేజ్‌ల కంటే ఎక్కువ పంపకూడదు. అందుకని మంచికాయలను నిమిషానికోసారి ఒక్క మెసేజ్‌గా కట్టి పంపుతాను.

2025 అక్టోబర్ 29, బుధవారం. మొంథా తుపాను. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు మునిగాయి, రైళ్లు ఎక్కడివక్కడ ఆగాయి. సాయంత్రానికి వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు రావడం మొదలైంది. షాపులో కంప్యూటర్‌ను బల్ల మీదికి ఎత్తి, కరెంటు పోతుందని ఇన్వర్టర్‌కు కలిపి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నాను. బాట్ నడుస్తోంది. రాత్రి ఎనిమిదికి అక్క మెసేజ్: "మా గల్లీల మోకాళ్ల దాంక ఒచ్చినయ్." పక్క కుప్పలో పడింది, నా ఫోన్ మోగింది. నిమిషం కూడా కాలేదు. బావగారికి ఫోన్ చేశాను, అత్తమ్మను అప్పటికే పైకి తీసుకెళ్లారు.

తొమ్మిది దాటాక గ్రూపు సద్దుమణిగినట్టు అనిపించింది. బాట్ ఏమీ పంపడం లేదు. నాకు అనుమానం వచ్చి గ్రూపు తెరిచి చూశాను. గ్రూపు నిండా వాయిస్ మెసేజ్‌లు. తడి చేతులతో, చీకట్లో, పిల్లలను ఎత్తుకుని ఎవరు టైప్ చేస్తారు? మాట్లాడి పంపుతున్నారు. నా ప్రోగ్రామ్‌కు అవి కనబడవు.

ఆ రాత్రి అప్పటికప్పుడు రెండు లైన్లు రాశాను: వాయిస్ మెసేజ్ ఏదైనా సరే నేరుగా పక్క కుప్పకు. తర్వాత ఫోన్ అమ్మ చేతికిచ్చాను. అమ్మ ఒక్కొక్కటి చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇది సమ్మయ్యనగర్ల, నీళ్లు అడుగుతాండ్రు," "ఇది ఉత్త ముచ్చట," "ఇది మల్ల విను బిడ్డా, పసిపిల్ల ఏడుస్తాంది" అని చెప్తుంటే నేను టైప్ చేస్తూ పోయాను. రెండున్నర దాకా కూర్చున్నాం.

ఇప్పుడు తెలుగు మాటను అక్షరాల్లోకి మార్చే మోడళ్లను ఒక్కొక్కటిగా పరీక్షిస్తున్నాను. ఆ రాత్రి వాయిస్‌లను పంపినవాళ్ల అనుమతితో దాచుకున్నాను. వాటితోనే చూస్తున్నాను. నిన్న ఒక మోడల్ "మత్తడి"ని "మత్తుమందు" అని రాసింది. అమ్మ మాటల ఫైలు తెరిచి దాని పక్కన ఇంకో వరస మొదలుపెట్టాను.